మామిడి గుజ్జుతో బెల్లినీ: నురగ పొంగిపోతోంది, గుజ్జు అడుగున కూర్చుంటోంది

ఎంవీపీ_వాసి:

ఈ ఆదివారం పొద్దున పదకొండింటికి ఇంట్లో బ్రంచ్ పెట్టుకున్నాం. మొత్తం పదిమందిమి, అందులో ఇద్దరు మందు ముట్టరు. మామిడిపళ్ల రోజులు కదా అని, బెల్లినీ (పీచ్ గుజ్జు మీద బుడగల వైన్ పోసి చేసే పానీయం) లాంటిది పీచ్ పండు బదులు బంగినపల్లితో చేద్దామని ఒక సీసాతో ముందుగా చేసి చూశాం. మూడు తేడాలు వచ్చాయి.

ఒకటి, గుజ్జు మీద వైన్ పొయ్యగానే నురగ గ్లాసు దాటి బల్ల మీదకు పొంగింది. నురగ దిగాక చూస్తే వైన్‌లో గ్యాస్ మిగల్లేదు. రెండు, గుజ్జు అడుగున ముద్దలా కూర్చుంది, పైన వట్టి వైన్. గట్టిగా కలిపితే మళ్లీ పొంగు. మూడు, రుచి. తీపి ఉంది గానీ మామిడిపండు వాసన తెలియలేదు, మందంగా, చప్పగా ఉంది.

చేసిన పద్ధతి ఇది: రెండు పళ్లు ముక్కలు కోసి మిక్సీలో రెండు నిమిషాలు తిప్పాం. సగం గ్లాసు గుజ్జు, సగం గ్లాసు బ్రూట్ (తీపి తక్కువ ఉండే బుడగల వైన్). సీసా గంటసేపు ఫ్రిజ్‌లో ఉంది.

కొలత ఎంత ఉండాలి, ఏ పండు మంచిది, ఎన్ని సీసాలు కొనాలి? మందు ముట్టనివాళ్లకు ఇదే రుచితో ఏం ఇవ్వచ్చు? మామిడితో ఇంత గొడవైతే బత్తాయి రసంతో సులువుగా తేలిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇసుకతోట:

పండు తప్పు కాదండి, కొలత తప్పు. పీచ్ గుజ్జు కోసం పుట్టిన పద్ధతిని మామిడికి తగిలించారు, అది కూడా రెట్టింపు గుజ్జుతో.

బెల్లినీ పుట్టింది వెనిస్‌లోని హ్యారీస్ బార్‌లో, జుసెప్పె చిప్రియాని చేతిలో. అందులో వేసేది తెల్ల పీచ్ గుజ్జు. బార్‌టెండర్ల అంతర్జాతీయ సంఘం ఇచ్చే కొలత 50 మి.లీ. గుజ్జుకు 100 మి.లీ. ప్రొసెక్కో, అంటే ఇటలీ బుడగల వైన్. తెల్ల పీచ్ గుజ్జు పలచగా ఉంటుంది, సహజంగానే పులుపు ఉంటుంది. పండిన బంగినపల్లి దానికి పూర్తిగా ఎదురు: చిక్కన, తీపి చాలా ఎక్కువ, పులుపు దాదాపు లేనట్టే. అందుకని మామిడి గుజ్జును ముందు పలచన చేసి, పులుపు చేర్చి, అప్పుడు వైన్ దగ్గరకు తీసుకెళ్లాలి. ఈ ఒక్క పని చేస్తే మీరు చెప్పిన మూడు తేడాల్లో రెండున్నర పోతాయి.

మీ లెక్కకు కొలతలు: తాగేవాళ్లు ఎనిమిది మంది, మనిషికి రెండు గ్లాసుల చొప్పున పదహారు గ్లాసులు. గ్లాసుకు 40 మి.లీ. మామిడి మిశ్రమం, 100 మి.లీ. వైన్. అంటే వైన్ 1,600 మి.లీ. కావాలి. 750 మి.లీ. సీసాలు రెండు తెస్తే 1,500 దగ్గర ఆగిపోతారు, నురగలో పోయేది అదనం. మూడు సీసాలు తెచ్చుకోండి.

మామిడి మిశ్రమానికి వడకట్టిన గుజ్జు 600 గ్రాములు, ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు 180 మి.లీ., నిమ్మరసం 60 మి.లీ., ఉప్పు రెండు చిటికెలు. చక్కెర అక్కర్లేదు. ఇది 800 మి.లీ. పైచిలుకు వస్తుంది. పదహారు గ్లాసులకు 640 పోగా మిగిలింది మందు ముట్టని ఇద్దరికి సరిపోతుంది. 300 నుంచి 350 గ్రాముల పండు ఒకటి తొక్క, టెంక, పీచు పోగా సుమారు 200 గ్రాముల గుజ్జు ఇస్తుంది. మూడు పళ్లు లెక్కకు సరిపోతాయి గానీ నాలుగు తీసుకోండి, ఒక పండు లోపల నల్లబడి ఉంటే ఆదివారం పొద్దున పరుగెత్తక్కర్లేదు. నిమ్మకాయ ఒక్కోటి 12 నుంచి 15 మి.లీ. రసం ఇస్తుంది, నాలుగైదు కావాలి.

నిమ్మరసం మొత్తం ఒకేసారి పొయ్యకండి. 40 మి.లీ. పోసి ఆగి, ఒక గ్లాసు నిజంగా వైన్‌తో కలిపి రుచి చూడండి. వైన్‌లో తన పులుపు తనకుంటుంది, పండు తీపి రోజుకోలా ఉంటుంది, కాబట్టి గిన్నెలో రుచి చూసి తేల్చుకోవడం కుదరదు. మామిడి వాసన తెలియలేదన్నారు చూడండి, అది చాలావరకు ఈ పులుపు లోటే. తీపికి తోడు పులుపు లేకపోతే నాలుక మీద పండు మొద్దుబారిపోతుంది. ఉప్పు కూడా అందుకే, ఉప్పగా తెలియాలని కాదు.

ఇక మిక్సీ. రెండు నిమిషాలు తిప్పితే గుజ్జులోకి గాలి ఎక్కుతుంది. ఆ చిన్న చిన్న గాలి బుడగల్ని పట్టుకునే వైన్‌లోని గ్యాస్ బయటికి తన్నుకొస్తుంది. గుజ్జులోని పీచు, నలకలు కూడా అదే పని చేస్తాయి. దానికి తోడు మామిడిలోని పెక్టిన్ (పండుకు చిక్కదనమిచ్చే పదార్థం) ఆ నురగను విరగనివ్వకుండా నిలబెడుతుంది. కాబట్టి పల్స్ మీద మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి రెండు సెకన్లు, అంతే. తర్వాత సన్నకంటి స్టీలు జల్లెడలో గరిటె వెనకభాగంతో నొక్కుతూ దించండి. నీళ్లు, నిమ్మరసం, ఉప్పు కలిపి మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు వదిలేయండి. ఎక్కిన గాలి ఆ సమయంలో పైకి తేలుతుంది. పైన తెట్టులా కట్టిన నురగను చెంచాతో తీసి పారేయాలి. గరిటజారుగా ఉంటే పలచదనం ఇంకా చాలదు, చిక్కటి మజ్జిగలా ధారగా పడాలి. అలా లేకపోతే రెండు చెంచాల నీళ్లు చేర్చండి.

పొయ్యడం రెండు విడతల్లో. చల్లటి గ్లాసులో 40 మి.లీ. మిశ్రమం పోసి, గ్లాసు వంచి, గోడ వెంట 25 మి.లీ. వైన్ జార్చండి. నురగ లేస్తుంది, పది పదిహేను సెకన్లు ఆగండి. అప్పుడు పొడుగు చెంచా అడుగుదాకా దించి, కింది గుజ్జును పైకి ఎత్తినట్టు ఒకటి రెండుసార్లు లేపండి, గిరగిరా తిప్పొద్దు. ఈ మొదటి విడతతోనే గుజ్జు వైన్‌తో కలిసి పలచబడిపోతుంది, ఇక ముద్ద కట్టదు. మిగతా 75 మి.లీ. మళ్లీ గోడ వెంట నెమ్మదిగా. తర్వాత చెంచా ముట్టించొద్దు.

జగ్గులో మొత్తం ఒకేసారి కలిపి పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. జగ్గు వెడల్పుకు, రెండోసారి గ్లాసులోకి పొయ్యడానికి, గ్యాస్ అంతా పోతుంది. తొందర తగ్గాలంటే మిశ్రమాన్ని గ్లాసుల్లో 40 మి.లీ. చొప్పున ముందే పోసి ట్రేతో సహా ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మనుషులు వచ్చాక వైన్ ఒక్కటే పని.

లాసన్స్_బే:

మిశ్రమం గురించి పైన చెప్పింది చాలు. నేను సీసా సంగతి చెప్తాను, ఎందుకంటే మీ పొంగులో సగం కారణం ఆ గంటసేపు ఫ్రిజ్.

వైజాగ్‌లో మే నెలలో షాపు నుంచి వచ్చిన సీసా 33, 34 డిగ్రీల మీద ఉంటుంది. గంటలో మామూలు ఫ్రిజ్ దాన్ని తాగే చల్లదనానికి తేలేదు. పైన చెయ్యి పెడితే చల్లగానే తోస్తుంది, లోపల వైన్ ఇంకా వెచ్చగానే ఉంటుంది. గ్యాస్ చల్లటి ద్రవంలో నిలుస్తుంది, వెచ్చటి ద్రవంలో పారిపోతుంది. మీకు కావలసింది 6 డిగ్రీల దగ్గర. రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి, తలుపు అరలో కాకుండా లోపలి అరలో, ఎందుకంటే తలుపు తీసినప్పుడల్లా సీసా కదులుతుంది. మరచిపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, రెండు గుప్పెళ్ల కళ్లుప్పు. సీసా మెడ దాకా మునగాలి. 25, 30 నిమిషాలు చాలు. వట్టి ఐసు పోసి పెడితే ముక్కల మధ్య గాలే సీసాకు తగులుతుంది, నీళ్లుంటేనే చల్లదనం అన్ని వైపులా అంటుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. 12 శాతం వైన్ సున్నాకు కింద 5 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, ఇంటి ఫ్రీజర్ సున్నాకు కింద 18 మీద నడుస్తుంది. మరచిపోయారంటే బిరడా ఎగురుతుంది, లేదా సీసాయే పగులుతుంది.

మూత తియ్యడం అందరూ తేలిగ్గా తీసుకుంటారు, తీసుకోకూడదు. షాంపేన్ పద్ధతిలో చేసిన సీసాలో 5 నుంచి 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి రెండున్నర, మూడింతలు. బిరడాను బిగించిన తీగ విప్పడానికి ఆరు అర తిప్పులు. తీగ వదులైన క్షణం నుంచి బొటనవేలు బిరడా మీద నుంచి తియ్యొద్దు, తీగను బిరడా మీదే ఉంచేసి నేప్‌కిన్ కప్పండి. సీసా 45 డిగ్రీలు వంచి, మనుషుల వైపు కాకుండా పెట్టి, బిరడాను కదలకుండా పట్టుకుని సీసా అడుగును తిప్పండి. బిరడా తనంతట తాను వస్తుంటే దాన్ని వెనక్కి నొక్కిపట్టాలి. ఢాం అనకూడదు, చిన్న నిట్టూర్పులా రావాలి. ఢాం అంటే గ్యాస్, వైన్ రెండూ నేలపాలు.

గ్లాసు వంచి పొయ్యమన్న మాటకు గట్టి ఆధారమే ఉంది. 2010లో ఫ్రాన్స్‌లోని రీమ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు షాంపేన్ పోసే రెండు పద్ధతుల్ని కొలిచి చూశారు. నిటారు గ్లాసులో నడిమధ్య పోసినదానికంటే, బీరులా వంచిన గ్లాసు గోడ వెంట పోసినదాంట్లో గ్యాస్ ఎక్కువ నిలిచింది. చల్లగా ఉన్నకొద్దీ ఆ నష్టం ఇంకా తగ్గింది. గుజ్జు ఉన్న గ్లాసులో ఇది రెండింతలు ముఖ్యం.

గ్లాసులు సబ్బుతో కడిగాక వేడినీళ్లతో బాగా తొలిచి బోర్లించండి, సబ్బు జిడ్డు ఉంటే బుడగలు చచ్చిపోతాయి. లోపల గుడ్డతో తుడవకండి, గుడ్డ నూగు అంటితే పొంగు పెరుగుతుంది. మన సముద్రపు తేమకు చల్లటి గ్లాసు బయటంతా చెమ్మ పడుతుంది, బయట మాత్రం తుడుచుకోండి. ఫ్లూట్ గ్లాసు 180 మి.లీ. అయినా ఉండాలి, 140 పోశాక పైన నురగకు చోటు కావాలి.

వైన్ ఎంచేటప్పుడు సీసా మీద మాట చూడండి. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ఎక్స్‌ట్రా డ్రై 12 నుంచి 17. డ్రై అని ఉంటే తీపి లేనిదనుకుంటాం, నిజానికి అది 17 నుంచి 32. డెమి సెక్ 32 నుంచి 50. మామిడికి బ్రూట్ సరైన ఎంపిక, మీరు ముందే పట్టుకున్నారు. నాసిక్ వైపు చేసే సులా బ్రూట్ సీసాలోనే రెండోసారి పులియబెట్టినది, బుడగ సన్నగా, గట్టిగా ఉంటుంది. గుజ్జు బరువును మోయడానికి ఆ గట్టితనం పనికొస్తుంది. నిజమైన షాంపేన్ దొరికినా ఇందులో పొయ్యకండి, దాని సున్నితమైన వాసనలన్నీ మామిడి కింద పడిపోతాయి. షాపులో హోలోగ్రామ్ ఉందో లేదో చూసి, బిల్లు తీసుకోండి.

డాల్ఫిన్స్‌నోస్:

ఒక్క మాట, మాస్టారూ. గుజ్జు ముందు, వైన్ తర్వాత అంటున్నారు. మిమోసాలో (కమలా రసం, బుడగల వైన్ కలిపేది) వైన్ ముందు పోసి రసం తర్వాత పోస్తే పొంగు తక్కువ. ఇక్కడా అదే చెయ్యచ్చు కదా?

బత్తాయి గురించి: సులువే, కానీ బత్తాయికి ఒక గుణం ఉంది, అది తెలియకపోతే బ్రంచ్ పాడవుతుంది. పిండినప్పుడు తియ్యగా ఉన్న రసం అరగంట, గంట నిలవుంటే చేదెక్కుతుంది. పండులో చేదు లేని రూపంలో ఉన్న పదార్థం, పిండాక రసంలోని పులుపు తగిలి నెమ్మదిగా లిమొనిన్‌గా మారుతుంది. ఆ లిమొనినే చేదు. అందుకే రాత్రి పిండి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం కుదరదు. పళ్లను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మనుషులు కూర్చున్నాక చల్లటి పండునే పిండండి. మిక్సీలో వేయొద్దు, గింజలు, తెల్లపొర నలిగితే చేదు ఇంకా త్వరగా వస్తుంది. అడ్డంగా కోసి చేత్తో తిప్పే రసం యంత్రం మీద తేలికగా నొక్కడమే. అడుగుదాకా నొక్కి గీకకండి.

మిమోసా ప్రామాణిక కొలత సగం సగం, 75 మి.లీ. రసం, 75 మి.లీ. వైన్. అది పుల్లటి కమలా రసానికి. బత్తాయికి పులుపు తక్కువ, సగం సగం పోస్తే నీళ్లలా ఉంటుంది. ఒక వంతు రసానికి రెండు వంతుల వైన్ పట్టండి, 50కి 100. దానికి నిమ్మరసం అర చెంచా. 1921లో లండన్‌లోని బక్స్ క్లబ్‌లో మొదలైన బక్స్ ఫిజ్ (ఇదీ కమలా రసం, షాంపేన్ కలిపేదే) కొలత కూడా ఇదే, ఒకటికి రెండు. 200 గ్రాముల బత్తాయి సుమారు 80 మి.లీ. ఇస్తుంది, పదహారు గ్లాసులకు పది పళ్లు.

ఇసుకతోట:

వైన్ ముందు పొయ్యడం బత్తాయికి సరే, మామిడికి కాదండి. పలచటి రసంలో చక్కెర ఉంటుంది కాబట్టి అది వైన్ కంటే బరువు. పై నుంచి పోస్తే తనే కిందకు దిగుతూ కలిసిపోతుంది, చెంచా అవసరం లేదు. గుజ్జు అలా కాదు. పై నుంచి పడిన చోటల్లా బుడగల్ని లేపుతూ, ముద్దగానే అడుగుకు చేరుతుంది. అప్పుడు దాన్ని లేపాలంటే నిండు గ్లాసులో చెంచా తిప్పాలి. నిండు గ్లాసు పొంగితే బల్ల మీదే. గుజ్జు అడుగున ఉన్నప్పుడు 25 మి.లీ. వైన్‌తో కలిపితే పొంగడానికి గ్లాసంతా ఖాళీగా ఉంటుంది, తేడా అక్కడుంది.

బత్తాయి చేదు మాట నూటికి నూరుపాళ్లు నిజం. డబ్బా రసాలు వాడొచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా: సీసాల్లో వచ్చే మామిడి డ్రింకులు వద్దు, వాటిలో ఎక్కువ భాగం నీళ్లు, చక్కెర. డబ్బాలో వచ్చే మామిడి పల్ప్ పర్వాలేదు, కానీ చక్కెర కలిపింది అయితే నిమ్మరసం 60 బదులు 80 పట్టండి.

ఎంవీపీ_వాసి:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. కొలతలు రాసిపెట్టుకున్నాను. మామిడే చేస్తాను. ఇంకొన్ని సందేహాలు. మిశ్రమం శనివారం రాత్రే చేసి పెట్టచ్చా? గుజ్జును ఐసు ట్రేలో గడ్డకట్టించి ఆ ముక్కలు గ్లాసులో వేస్తే చల్లదనం కూడా వస్తుంది కదా? పండు బంగినపల్లే కొనాలా? టిఫిన్లు పెసరట్టు ఉప్మా, మైసూర్ బజ్జీ, రొయ్యల వేపుడు, చివర మాడుగుల హల్వా అనుకుంటున్నాం, వీటితో సరిపడుతుందా?

పూర్ణామార్కెట్_సంచి:

పండు సంగతి నేను చెప్తా. బంగినపల్లి వాడటానికి కారణం పీచు లేకపోవడం, రంగు. వాసనకు మాత్రం సువర్ణరేఖ. మన ఉత్తరాంధ్ర పండు, ఎర్రబుగ్గలది, బంగినపల్లి కంటే ముందుగా మార్కెట్‌కు వస్తుంది, రసం ఎక్కువ, గుజ్జు మెత్తన. మే మధ్యకల్లా తగ్గిపోతుంది కాబట్టి కనబడితే వదలకండి. సగం బంగినపల్లి, సగం సువర్ణరేఖ కలిపితే ఈ గ్లాసుకు అంతకంటే మంచి జోడీ లేదని నా అభిప్రాయం. సువర్ణరేఖ వేసినప్పుడు నీళ్లు 180 బదులు 120తో మొదలుపెట్టండి, పండే పలచన. రసాలు రుచికి గొప్పవే గానీ పీచు ఎక్కువ. రెండుసార్లు వడకట్టే ఓపిక ఉంటేనే. కలెక్టర్ కాయ ఒంటిగా వద్దు, వాసన చాలదు.

ఎంవీపీ కాలనీ రైతుబజార్లో గానీ పూర్ణామార్కెట్లో గానీ కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. తొడిమ దగ్గర ముక్కు పెట్టండి. అక్కడ వాసన లేకపోతే గ్లాసులోనూ రాదు. ఒళ్లంతా ఒకే పసుపు, లోపల గట్టి, వాసన సున్నా అంటే మందు పెట్టి మగ్గించిన పండు. గురువారమే కొంచెం గట్టిగా ఉన్నవి కొని బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో పెట్టుకుంటే శనివారం రాత్రికి సరిగ్గా వస్తాయి.

రాత్రే చెయ్యచ్చు, చెయ్యాలి కూడా. గాలి పూర్తిగా తేలిపోతుంది, పొద్దున పని ఉండదు. గాజు సీసాలో నిండుగా పోసి మూత పెట్టండి, పైన ఖాళీ ఉంటే రంగు మబ్బుపడుతుంది. నిమ్మరసం దాన్ని కొంత ఆపుతుంది. ఒక రోజు దాటించకండి. పొద్దున తీశాక నురగ తెట్టు తీసి, సీసాను ఒకసారి మెల్లగా తలకిందులు చేయండి, గిలక్కొట్టకండి.

ఐసు ముక్కల ఆలోచన మానండి. గడ్డకట్టిన గుజ్జు పైభాగం గరుకుగా ఉంటుంది, దాన్ని తగలగానే గ్యాస్ ఫౌంటెన్‌లా లేస్తుంది. మామూలు ఐసు కూడా అంతే, పైగా నీళ్లవుతుంది. మిశ్రమం, గ్లాసు, సీసా మూడూ చల్లగా ఉంటే ఐసుతో పనిలేదు. తెరిచిన సీసాను ఐసు నీళ్ల బకెట్‌లోనే ఉంచండి. బయట బల్ల మీద ఉంటే మన ఎండకు రెండో విడత పోసేసరికే వెచ్చబడుతుంది.

టిఫిన్లు. పెసరట్టు, ఉప్మా, బజ్జీ బాగా కుదురుతాయి. నూనెను, నెయ్యిని ఈ పులుపు, బుడగ రెండూ కడిగేస్తాయి. అల్లం పచ్చడి ఘాటు మామిడికి చక్కగా అతుకుతుంది. జాగ్రత్త పడాల్సింది పచ్చిమిర్చి, ఎండుకారం దగ్గర. ఆల్కహాల్ నోట్లో కారాన్ని పెంచుతుంది, గ్యాస్ ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది. రొయ్యల వేపుడుకు కారం సగానికి తగ్గించి మిరియాలు, కరివేపాకు మీద నడపండి. ఆవకాయ బల్ల మీదకు తేవద్దు. మాడుగుల హల్వా ఈ గ్లాసుతో పాటు వడ్డించకండి. తీపి తిన్న నోటికి బ్రూట్ వట్టి పులుపులా తగులుతుంది. గ్లాసులు తీసేశాక కాఫీతో పెట్టండి, హల్వాకూ అదే మర్యాద.

మందు ముట్టనివాళ్లకు ఇదే మిశ్రమం 50 మి.లీ., చక్కెర పాకం 10 మి.లీ., బాగా చల్లటి సోడా 100 మి.లీ. పోసే పద్ధతి అదే, రెండు విడతలు. పాకం ఎందుకంటే వైన్ ఇచ్చే నిండుదనం సోడాకు లేదు, అది లేకపోతే పలచటి షర్బత్ అవుతుంది. కాడ లేని పొట్టి గ్లాసుల్లో ఇవ్వండి, రెండూ ఒకే రంగులో ఉంటాయి, చేతులు మారిపోతాయి. ఇరవై ఒకటి నిండనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఇదే. మన రాష్ట్రంలో చట్టం అంతే.

మామిడి కాలం దాటాక కూడా ఇదే లెక్క పనికొస్తుంది. జూన్ చివర నేరేడు: పావుకిలో గుజ్జు, 150 గ్రాముల చక్కెర, 100 మి.లీ. నీళ్లు కలిపి, ఉడుకు పట్టకుండా సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచి, వడకట్టి చల్లార్చండి. గ్లాసుకు 12 మి.లీ. చాలు, మీద 120 మి.లీ. బ్రూట్. మరిగించారంటే ఊదారంగు గోధుమకు తిరుగుతుంది, వగరు కూడా పెరుగుతుంది. చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీ వస్తుంది, దాంతో చేసేదాన్ని ఇటలీలో రొస్సీని అంటారు. గింజలు పోయేలా వడకట్టాలి, మిగతాది మామిడి కొలతే, నీళ్లు మాత్రం వద్దు. దానిమ్మ రసంతో చేస్తే తింతొరెత్తో. అనాస కావాలంటే గుడ్డలో వడకట్టి గంటసేపు కదలకుండా ఉంచిన రసమే, 30 మి.లీ. మించొద్దు, కదిలిస్తే చాలు నురగ కట్టే రసం అది. పుచ్చకాయ జోలికి పోకండి, వైన్‌ను నీళ్లు చెయ్యడం తప్ప దానివల్ల ఏమీ రాదు.

లాసన్స్_బే:

రెండు మాటలు మరచిపోయాను. 12 శాతం వైన్ 100 మి.లీ.లో తొమ్మిదిన్నర గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. తియ్యగా, చల్లగా ఉంటుంది కాబట్టి రెండు గ్లాసులు ఎప్పుడు దిగిపోయాయో తెలియదు. మన దేశంలో బండి నడపడానికి రక్తంలో పరిమితి 100 మి.లీ.కి 30 మి.గ్రా. గంటలోపు రెండు గ్లాసులు తాగితే 70 కిలోల మనిషి కూడా దాన్ని దాటొచ్చు. కాబట్టి బీచ్ రోడ్డు మీదుగా వెళ్లాల్సినవాళ్లకు ముందే ఆటో, క్యాబ్ మాట్లాడి పెట్టండి.

సీసాలో మిగిలితే తీసిన బిరడా తిరిగి దూరదు, ఊరికే మూత పెట్టినా ఎగిరిపోతుంది. మెడకు కొక్కెం పట్టే స్పార్క్లింగ్ వైన్ స్టాపర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మర్నాటికి తాగేంత గ్యాస్ ఉంటుంది. మెడలో స్టీలు చెంచా వేలాడదీస్తే గ్యాస్ నిలుస్తుందని చెప్పేది నిజం కాదు. అందుకే మూడో సీసాను రెండోది పూర్తిగా ఖాళీ అయ్యాకే తెరవండి.

ఎంవీపీ_వాసి:

అర్థమైంది. సువర్ణరేఖ కోసం రేపు పొద్దున్నే రైతుబజారుకు వెళ్తాను. దొరక్కపోతే బంగినపల్లితోనే, 180 నీళ్లు, 40 నిమ్మరసంతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుతాను.

ఇసుకతోట:

రుచి చూసే గ్లాసుకు కూడా సీసా చల్లగానే ఉండాలి. వెచ్చటి వైన్‌తో చూస్తే తీపి ఎక్కువ తోచి, నిమ్మరసం అక్కర్లేనంత పోసేస్తారు.